ముద్ర వేసిన పట్టుగూళ్ళు

మాది పెనుకొండ దగ్గర ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. చెబితే ఈ సంగతి మరిచిపోయినవాళ్ళు కూడా గుర్తు చేసుకొని మళ్ళీ మొదటినుంచీ నవ్వుతారు. మా ముత్తాతకు తాత పెద్ద ఓబుళప్ప నాయుడు. ఏడు ఊళ్ళ కావలి ఆయనది. ఆయన కొడుకు వెంగళప్ప నాయుడు గుర్రం దిగకుండానే తీర్పులు చెప్పేవాడట. గుర్రానికి ఆకలేసిన రోజు తీర్పు తొందరగా వచ్చేదట. మా తాత బసప్ప నాయుడు వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడేవాళ్ళు. మా నాయన కాలానికి సగం మంది లేచేవాళ్ళు. ఇప్పుడు నేను పోతే, నేనూ కూర్చోవడానికి వీలుగా కొంచెం పక్కకు జరుగుతారు. అదీ మర్యాదే. కాదని నేననను.

ఇంతటి వంశం పరువును పగవాళ్ళు తరతరాలుగా తియ్యాలని చూశారు. వాళ్ళవల్ల కాలేదు. ఒక బుధవారం పొద్దున, మూడు వందల మంది చూస్తుండగా, చిటికెన వేలంత లేని పురుగు ఆ పని చేసి చూపించింది. దానికి దగ్గరుండి సాయం చేసింది నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో నవ్వు వస్తే నవ్వుకోండి. కానీ నా ముందర వద్దు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. జంతుశాస్త్రంలో పట్టా ఉంది, మీసం ఉంది, నిటారుగా నిలబడే వెన్నెముక ఉంది. ఈ మూడూ చూసి హిందూపురం రోడ్డులోని ఒక చిన్న విశ్వవిద్యాలయం వాళ్ళు నాకు అధ్యాపకుడి ఉద్యోగం ఇచ్చారు. చిన్నది అంటే మరీ చిన్నది. ఉపకులపతి గారు తన గదిలో తుమ్మితే కెమిస్ట్రీ ల్యాబులో మంటలు ఆరిపోయేవి. కానీ ఆయన పట్టుదల పెద్దది. "బోర్డు మీద బొమ్మ గీస్తే సైన్సు కాదు. పిల్లల చేతికి మట్టి అంటాల. చేసి నేర్చుకోవాల" అనేది ఆయన మంత్రం. అక్కడ భౌతికశాస్త్రం పిల్లలు బావి మోటార్లు విప్పేవాళ్ళు. వృక్షశాస్త్రం పిల్లలు వేరుశనగ వేసేవాళ్ళు. మా జంతుశాస్త్రం పిల్లలు క్యాంపస్ వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు మేపేవాళ్ళు.

చేతికి మట్టి అంటాలన్న మాట నాకు మొదటిరోజే గొంతులో ముల్లయింది. మా ఇంట్లో చెయ్యి ఉన్నది చూపించడానికి. "అది అక్కడ పెట్టు, ఇది ఇక్కడ పెట్టు" అని వేలితో చూపిస్తే పని అయిపోవాలి. ఆ పద్ధతిలోనే నేను పట్టుపురుగుల పెంపకం బోధించాను. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకొని, పుస్తకం తెరిచి, వేలు చూపిస్తూ.

షెడ్డులో నిజంగా పని నడిపించేది ఇద్దరు. ఒకరు ల్యాబ్ అటెండర్ నరసింహులు. గొర్రెలు మేపి మేపి, మోకాళ్ళు అరిగినాక ఉద్యోగంలో చేరిన మనిషి. నన్ను "సామీ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో భక్తి ఎంతో, వెక్కిరింత ఎంతో ఈనాటికీ తేల్చలేకపోయాను. రెండో మనిషి మూడో సంవత్సరం విద్యార్థిని రమీజా. వాళ్ళ నాయన ఖాసీం సాబు హిందూపురంలో పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేసి దారం తీసే పని చేస్తాడు. ఆ పిల్ల నడక నేర్చిందే గూళ్ళ బుట్టల మధ్య.

మొదటివారంలోనే ఆ పిల్లకూ నాకూ తగువు వచ్చింది.

"సార్, పురుగులు రెండో జ్వరానికి కూచున్నాయి. ఈ పూట ఆకు వెయ్యకూడదు."

"జ్వరమేమిటి? పుస్తకంలో నిర్మోచన దశ అని ఉంది."

"అదే సార్. పాత చర్మం ఇడిచేటప్పుడు కదలకుండా ఉంటాయి కదా, దాన్నే మా దిక్కు జ్వరమంటారు."

"మీ దిక్కు ఏమన్నా అననీ. నా తరగతిలో పురుగుకు జ్వరం రాదు."

నరసింహులు పక్కకు తిరిగి, "వచ్చే ముందర సామిని అడగల్లని పాపం వాటికి తెలీదు" అన్నాడు. నేను వినలేదు. అంటే, వినలేదన్నట్టు నిలబడ్డాను. మా వంశంలో వినపడనట్టు నిలబడటం ఒక విద్య.

రమీజా ఆ సంవత్సరం ఒక ప్రయోగం చేస్తోంది. మా ప్రాంతపు ఎండలు మీకు తెలిసినవే. ఏప్రిల్‌లో రేకుల షెడ్డులో నిలబడితే మనిషే ఉడుకుతాడు, పురుగెంత? ఎండకు పురుగు సరిగ్గా తినదు, గూడు పలచగా కడుతుంది. అందుకని రమీజా సగం తట్టల చుట్టూ తడి గోనెపట్టలు కట్టింది. మిగతా సగం మామూలుగా వదిలేసింది. ఆఖరుకు రెండు రకాల గూళ్ళనుంచీ దారం తీసి, ఏది పొడుగో కొలవాలి. అంతే. చూడటానికి చిన్న ప్రయోగం, కానీ తేలితే మా చుట్టుపక్కల ప్రతి షెడ్డుకూ పనికొస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. బెంగళూరులో పట్టు పరిశోధన శిక్షణకు మా విశ్వవిద్యాలయానికి ఒకే ఒక్క సీటు ఇచ్చారు. ఈ ప్రయోగం ఫలితం మీద బయటి పరీక్షకుడు సంతకం పెడితే ఆ సీటు రమీజాది. పెట్టకపోతే ఆ పిల్ల మళ్ళీ వాళ్ళ నాయన పక్కన వేడినీళ్ళ తొట్టి ముందు కూర్చోవాలి. ఆయన వేళ్ళు ఒకసారి చూశాను. ముప్పై ఏళ్ళు వేడినీళ్ళలో నాని, వేళ్ళ మీద గీతలే మిగల్లేదు.

పురుగులు బాగా పెరిగాయి. గూళ్ళు కట్టాయి. ఏడో నాడు, ఒక శుక్రవారం, పిల్లలు గూళ్ళన్నీ విడిపించి రెండు కుప్పలుగా బల్లమీద పోశారు. తడి గోనె గూళ్ళు ఒకవైపు, మామూలు గూళ్ళు ఒకవైపు. మల్లెమొగ్గల రాశుల్లా ఉన్నాయి. రమీజా మొహం చూడాలి, పెళ్ళికూతుర్ని చేసినట్టుంది.

"సార్, ఈ పొద్దే ఆవిరి పట్టిచ్చేద్దాం. నాయన రేపు పొద్దున బట్టీ ఖాళీగా ఉండాదన్నాడు."

"ఆవిరి ఎందుకు?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "లోపల పురుగు బతికే ఉంటాది కదా సార్. ఆవిరి పడితే అది లోపలే సచ్చిపోతాది. లేకుంటే సీతాకోక మాదిరి రెక్కల చిలుకై, గూడు బొక్క పెట్టుకొని బయటికొచ్చేస్తాది. గూడంతా ఒకటే దారం సార్. బొక్క పడితే తునకలు తునకలైపోతాది. ఇంగ కొలిచేదానికి ఏముంటాది?"

ఇది నాకు తెలియదా? తెలుసు. పుస్తకంలో చదివాను. చిలుక అయ్యి బయటికి రావడానికి పద్నాలుగు, పదిహేను రోజులు అని కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసిన పెద్దమనిషి ఏ చల్లటి దేశంలో, ఏ చెట్టు నీడలో కూర్చొని రాశాడో అని మాత్రం నేను ఆలోచించలేదు.

"ఇంకా వారం గడువుంది" అన్నాను. "సోమవారం పరీక్షకుడు శేషాచలం గారు వస్తున్నారు. పెద్దలు కంటితో చూడకుండా పంట కదలకూడదు."

ఇక్కడే, చదువరీ, మా వంశం నా నెత్తికెక్కి కూర్చుంది.

పూర్వం కళ్ళంలో ధాన్యం రాశి పోశాక, మా పెద్దలు వచ్చి చూసేదాకా ఎవరూ గింజ ముట్టకుండా ఒక కట్టడి ఉండేది. రాశి చుట్టూ తడి మట్టి ముద్దలు పెట్టి, వాటి మీద చెక్క ముద్ర ఒత్తేవాళ్ళు. గింజ కదిలితే మట్టి పగులుతుంది, దొంగ దొరుకుతాడు. రాశులు పోయాయి, కళ్ళాలు పోయాయి, ఆ చెక్క ముద్ర మాత్రం మా ఇంటి అటక మీద మిగిలింది. దాన్ని నేను బట్టలో చుట్టి షెడ్డుకు తెచ్చాను.

రెండు కుప్పల మీదా మా తాతగారి జరీ పంచె కప్పించాను. అంచుల చుట్టూ పద్నాలుగు చోట్ల ఎర్రమట్టి ముద్దలు పెట్టించాను. ఒక్కొక్కదాని మీదా నా చేత్తో నేనే ముద్ర ఒత్తాను. అప్పటిదాకా నా చేతికి మట్టి అంటింది ఆ ఒక్కసారే.

"నేను శేషాచలం గారిని వెంటబెట్టుకొని వచ్చేదాకా ఈ ముద్ర చెదరకూడదు" అని ప్రకటించాను. "చెదిరిందో, ఎవరు చెదరగొట్టినా సరే, రమీజా ప్రాక్టికల్ మార్కులు సున్నా."

"నా మార్కులా సార్? వేరేవాళ్ళు చెదరగొట్టినా?"

"కాపలా నీది కదా."

నరసింహులు మట్టిచేతులు తుడుచుకుంటూ అన్నాడు. "సామీ, వడ్లు వేరే, ఇవి వేరే. వడ్లకు ముద్దరేస్తే పడుంటాయి. లోపల పానముండేదానికి ముద్దరేస్తే అది ఊరుకుంటాదా?"

"నరసింహులూ, ఏడు ఊళ్ళు ఊరుకున్నాయి."

"ఆ ఊళ్ళకు రెక్కలు మొలవలేదులే సామీ."

శనివారం నేను ధర్మవరం రైలెక్కాను. శేషాచలం గారిది ధర్మవరం. పట్టు శాఖలో పనిచేసి, జుట్టు నెరిసి రిటైరైన మనిషి. ఒక్క ఫోను కొడితే సరిపోయేది. కానీ మేము పెద్దలను ఫోనులో పిలవం. ఇంటికి వెళ్ళి, పండ్లు చేతికిచ్చి పిలుస్తాం. వెళ్ళాను, ఇచ్చాను, పిలిచాను.

"సోమవారమా?" అన్నాడాయన. "సోమవారం మా మనవరాలికి పేరు పెడతాండాము. బుధవారం వస్తానని నిన్ననే మీ ఆఫీసుకు చెప్పినానే. ఫోను చేసుంటే చెప్పేవాణ్ణి కదప్పా, ఇంత దూరం ఎందుకొస్తివి?"

సరే, బుధవారమే తీసుకుపోదామని ధర్మవరంలో మా మేనత్త ఇంట్లో దిగాను. అతిథిని వెంటబెట్టుకొని రావడం మర్యాద, ముందు పోయి అక్కడ ఎదురు చూడటం గుమాస్తా పని. ఆ నాలుగు రోజులూ మేనత్త చేతి భోజనం తిని, అతిథికి కప్పడానికి పట్టు శాలువా ఎంచుతూ గడిపాను. ఫోన్లు రావడం మొదలైంది.

ఆదివారం రమీజా. "సార్, నాయన తిడతాండాడు. ఎండ జాస్తి ఉండాది, ఇంగ ఒక్క పొద్దు కూడా పెట్టకూడదంటాండాడు. ముద్దర తీసేదా?"

"ముద్ర ముట్టావంటే సున్నా."

సోమవారం మళ్ళీ ఆ పిల్లే. "సార్, పంచె కింద సప్పుడు వస్తాండాది. గరగర గరగరమని."

"నిద్రలో కదులుతుంటాయి. మనుషులు కదలరా?"

"సార్, ఇవి నిద్రలో కదిలేటివి కావు సార్!"

"పుస్తకం చదువు, నూట పన్నెండో పేజీ."

మంగళవారం పొద్దున మూడోసారి. "సార్, పంచె తడిసిపోయినాది. ఎర్రగా, గోధుమరంగులో మరకలు పడతాండాయి."

నేను అదిరిపడ్డాను. "ముద్ర తడిసిందా?"

"ముద్దర కాదు సార్, పంచె."

"ముద్ర ఎట్లా ఉంది?"

తరువాత నరసింహులు గొంతు వినిపించింది, ఫోను లాక్కున్నట్టున్నాడు. "ముద్దరకేం సామీ, రాయి మాదిరి ఉండాది. మీ తాతలు కూడా అంత బాగా వేసుండరు. దాని కింద ఉండేటివే బాగలేవు."

"ముద్ర బాగుంటే అన్నీ బాగున్నట్టే" అని పెట్టేశాను.

చదువరీ, మీరు తల పట్టుకున్నారని నాకు తెలుసు. నేనూ ఇప్పుడు పట్టుకునే ఉన్నాను. చెడపకురా చెడేవు అన్నారు పెద్దలు. తెరవకురా తెరవకురా అంటూ కూర్చున్నవాడు ఏమవుతాడో వాళ్ళు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

బుధవారం పొద్దున్నే అద్దె కారులో శేషాచలం గారితో బయలుదేరాను. దారిలో ఆయన మామూలుగా అడిగాడు.

"గూడు కట్టి ఎన్ని దినాలయింది?"

"ఈ రోజుకు పన్నెండండీ."

"ఆవిరి ఎప్పుడు పట్టించినారు?"

నేను ఛాతీ విరిచి చెప్పాను. "తమరు కంటితో చూడకుండా ఎలా పట్టిస్తామండీ? యథాతథంగా ముద్ర వేసి ఉంచాను."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. పంచె కొంగుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకొని నన్ను తేరిపార చూశాడు. తరువాత డ్రైవరు భుజం తట్టి, "రవంత బిరీన పోనీ అప్పా" అన్నాడు. ఆ తొందర నా ఆతిథ్యం మీద ప్రేమ అనుకున్నాను. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు అడ్డం పడి అరగంట ఆగిపోయాం. ఆ అరగంటా ఆయన గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. నేను పెద్ద ఓబుళప్ప నాయుడి కథ చెబుతూనే ఉన్నాను.

షెడ్డు ముందు షామియానా వేశారు. ఉపకులపతి, అధ్యాపకులు, పిల్లలు, రమీజా పక్కన ఖాసీం సాబు. ముద్ర చెదరకుండా ఎనిమిది మంది బల్లను అట్లే ఎత్తి తెచ్చి మధ్యలో పెట్టారు. రమీజా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే ముందుకొచ్చింది.

"సార్, ఇప్పటికైనా..."

"సభలో తొందర పనికిరాదు."

శేషాచలం గారు కూడా, "ముందర గూళ్ళు సూస్తాం పదప్పా" అన్నాడు. నేను వినలేదు. మొదట పూలదండ. తరువాత శాలువా. తరువాత నా ఉపన్యాసం. మా వంశంలో మాట అంటే మాట, ముద్ర అంటే ముద్ర అని గంభీరంగా చెప్పి, పద్నాలుగు ముద్దల మీదా చెక్కుచెదరని ముద్రలను సభకు చూపించాను. చప్పట్లు పడ్డాయి. నరసింహులు మాత్రం చప్పట్లు కొట్టకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

ముద్దలు పగలగొట్టి, మా తాతగారి జరీ పంచెను రెండు చేతులతో పట్టుకొని ఒక్కసారిగా లాగాను.

చెబుతున్నాను, పిడుగు పడితే ఇంకా నయం, ముందు మెరుపైనా కనిపిస్తుంది. బల్ల నిండా చిలుకలు! తెల్లటివి, లావుపాటివి, బూరు ఒంటివి, వేలకు వేలు, రెక్కలు టపటపలాడిస్తూ ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. గూళ్ళన్నిటికీ తలకొక బొక్క. పంచె నిండా గోధుమరంగు మరకలు, ఆవగింజల్లా గుడ్లు. కొన్ని నా చేతుల మీదికి ఎక్కాయి, కొన్ని శేషాచలం గారి కొత్త శాలువా మీదికి. పట్టు చిలుకకు రెక్కలుంటాయి గానీ ఎగరలేదు. వేల ఏళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి మేపితే ఏ జాతైనా అంతే. ఆ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చిలుకలు ఊరికే కూడా లేవు. జంటలు జంటలుగా తోకలు అతికించుకొని, లోకం పట్టకుండా ఉన్నాయి.

మూడు వందల మంది నోళ్ళు తెరిచి నిలబడ్డారు. నరసింహులు నెమ్మదిగా అన్నాడు.

"సామీ, పెండ్లి అయిపోయినాది. మనమే లేటు."

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం. ఉపకులపతి గారి మొహం కందగడ్డయింది. ఆయన బల్లకు అంటించిన చీటీ చదివాడు. "ప్రయోగం: రమీజా. కాపలా: రమీజా." తలెత్తాడు. "ఏమ్మా, ఇదేనా నీ పని? ఇంత అజాగ్రత్తా? పరీక్షకుడికి నేనేం చెప్పాల?"

రమీజా నన్ను చూసింది. అంతే, చూసింది. పక్కన ఖాసీం సాబు ఆ గీతల్లేని వేళ్ళతో ఒక బొక్క గూడును తీసుకొని, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

నేను నోరు తెరవాలి. తెరవలేకపోయాను. "తప్పు నాది" అనేవి రెండే మాటలు. ఏడు ఊళ్ళు ఏలిన వంశంలో ఆ రెండు మాటలూ ఎవరూ పలికిన దాఖలా లేదు. కాబట్టి నాకు వాటిని పలకడం ఎవరూ నేర్పలేదు. ఈలోగా ఒక బరువైన చిలుక నా చొక్కా మీదుగా పాకి, గడ్డం ఎక్కి, మీసం మీద కుదురుగా కూర్చుంది. మా పెద్దలు మీసం మీద నిమ్మకాయ నిలబెట్టినవాళ్ళు. నా మీసం మీద అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. దులుపుదామంటే చేతులు రాలేదు.

బహుశా ఆ గుడ్ల బరువుకే నోరు తెరుచుకుంది.

"తప్పు నాది" అన్నాను. "ఆ పిల్ల ముద్ర వెయ్యకముందే ఆవిరి పట్టిద్దామంది. రోజూ ఫోను చేసింది. ముద్ర తీస్తే మార్కులు సున్నా అని నేనే బెదిరించాను. ఆమె రికార్డులో ఈ మాట నా చేత్తో రాసిస్తాను."

శేషాచలం గారు శాలువా మీదనుంచి ఒక చిలుకను సున్నితంగా తీసి బల్ల మీద పెట్టాడు. "ఏమప్పా, ఎన్ని పంటలు తీసినావు నువ్వు?"

"ఒక్కటీ లేదండీ."

"పురుగును చేత్తో పట్టుకున్నావా ఎప్పుడన్నా?"

"పుస్తకంలో..."

"పుస్తకాన్ని పట్టుకున్నావా అని అడగలా."

"లేదండీ."

"ఆకు కోసినావా? తట్ట కింద పెంట తీసినావా?"

తల అడ్డంగా ఊపాను. మీసం మీది చిలుక కూడా ఊగింది. అప్పుడు నవ్వారు అందరూ. షామియానా గుంజలు కదిలేటట్టు నవ్వారు. ఖాసీం సాబు కూడా నవ్వాడు. రమీజా ఒక్కతే నవ్వలేదు.

"పరీక్ష పెట్టాల్సింది ఆ పాపకు కాదు, సార్‌కు" అన్నాడు శేషాచలం గారు ఉపకులపతితో. "బెంగళూరు సీటుకు ఇంగా నెలన్నర గడువుండాది. ఒక పంటకు అది సాలు. మళ్ళీ మొదలుపెట్టమనండి. పాప సెప్తాది, ఈయన సేస్తాడు. పంట పోతే ఇద్దరూ ఫెయిలు."

ఆ నెల ఎలా గడిచిందో పగవాడికి కూడా చెప్పను, మీకు చెబుతాను. తెల్లవారగానే మల్బరీ తోటలో ఆకు కోయడం. దాన్ని నెత్తిన పెట్టుకొని మోయడం. నాలుగు పూటలా వెయ్యడం. తట్ట కింద పెంట చేత్తో ఎత్తి అవతల పోయడం. తడి గోనెపట్టలు పిండి కట్టడం. గుమ్మంలో నా కుర్చీ ఉండే చోట సున్నపు నీళ్ళ తొట్టి పెట్టించింది రమీజా.

"సార్, కాళ్ళు కడిగినారా?"

"కడిగాను."

"చేతులు?"

"కడిగాను."

"అత్తరు పూసుకొచ్చినారు. బయటికి పోండి సార్. పురుగులకు ఆ వాసన పడదు. స్నానం చేసి రాండి."

మా ముత్తాతల కాలంనుంచీ వస్తున్న అత్తరు అది. వెళ్ళి స్నానం చేసి వచ్చాను.

మూడోవారం ఒక రోజు పురుగులన్నీ తల పైకెత్తి, కదలకుండా కూర్చున్నాయి. షెడ్డు బయటికి పరుగెత్తాను. "రమీజా! నరసింహులూ! పురుగులకు జ్వరం వచ్చింది!"

నరసింహులు బీడీ తోటలోనే ఆర్పేసి వచ్చి, "వచ్చిందా సామీ? పుస్తకాన్ని అడిగినారా మరి?" అన్నాడు.

గూళ్ళు కట్టాయి. ఏడో నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకముందే, బుట్టలు నేనే నెత్తిన పెట్టుకొని ఖాసీం సాబు బట్టీకి మోసుకుపోయి ఆవిరి పట్టించాను. శేషాచలం గారి ముందు రమీజా పది గూళ్ళు ఇటువి, పది గూళ్ళు అటువి వేడినీళ్ళలో వేసి, దారం తీసి, కొలిచింది. తడి గోనె కింద పెరిగిన గూళ్ళ దారం పొడుగు. ఒక్కటి కాదు, పదికి పదీ. ఆయన సంతకం పెట్టాడు. ఆ పిల్ల ఆ వేసవిలోనే బెంగళూరు పోయింది. వెళ్ళేముందు రికార్డు పుస్తకం నా బల్ల మీద పెట్టింది. ఆఖరి పేజీలో సహాయకుల పేర్లు, వాళ్ళ పనితీరు రాయాలి. నరసింహులు పేరు ఎదురుగా "చాలా బాగా చేశారు" అని ఉంది. నా పేరు ఎదురుగా మూడు ముక్కలు. "పర్వాలేదు. చెబితే వింటారు."

ఆ మాట మా వంశంలో ఎవరి గురించీ ఎవరూ రాయలేదు. ఇన్ని తరాల తరువాత నాకు దక్కింది. చట్రం కట్టించి గోడకు పెట్టుకున్నాను.

కాబట్టి ఇందుమూలంగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, ఇకమీదట సూర్యచంద్రులున్నంత కాలం, ప్రాణమున్న దేనిమీదా ముద్ర వెయ్యను. లోపలినుంచి గరగర వినిపిస్తే నూట పన్నెండో పేజీ తెరవను. పురుగుకు జ్వరమంటే జ్వరమనే ఒప్పుకుంటాను. ఈ మాట తప్పితే నా మీసం మీద మళ్ళీ గుడ్లు పడుగాక.

ఆ బొక్క గూళ్ళు నాలుగు సంచులయ్యాయి. హిందూపురంలో పట్టుగూళ్ళతో దండలు గుచ్చేవాళ్ళకు తూకానికి అమ్మేశాం.